తీరని అప్పు – ఇరువురి బాధ్యత

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని మన పెద్దలు చెప్పిన సామెతలో ఈ రెండు కార్యములను ఒక చోట చేర్చుటకు కారణము లేకపోలేదు. రెండును చేతనున్న ధనముతో ముగియవు. రెంటికిని అప్పు కావలెను. అయితే పెండ్లికి చేసిన అప్పు నాలుగైదేండ్లలో తీరవచ్చును గాని, ఇంటికొరకు చేసిన అప్పు నేటి కాలమున ఇరువది ముప్పది యేండ్లు మన వెంట నడచును. ఉద్యోగములో చేరిన కొలది కాలమునకు మొదలై, పింఛను పుచ్చుకొను నాటి వరకు జీతములో కొంత భాగము దానికే అంకితమగుచున్నది. అట్టి అప్పు సక్రమముగా తీరినచో ఇల్లు మనది. తీరనిచో ఇల్లును పోవును, అంతవరకు కట్టిన వాయిదాలును పోవును, పరువును పోవును.

అట్టి దుర్ఘటన జరిగినపుడు లోకము రెండు విధములుగా తీర్పు చెప్పుట మనము వినుచున్నాము. తాహతుకు మించి అప్పు చేసినవాని తప్పే యని కొందరు, ఆశ చూపి అప్పు అంటగట్టినవాని తప్పే యని మరికొందరు అందురు. చరిత్రను తెరచి చూచినచో ఈ రెండు తీర్పులును సగము సత్యములే యని తోచును. తీర్చలేని అప్పు ఒక్కని చేతిమీదుగా పుట్టదు. ఇచ్చువాడు లెక్క చూడకుండ ఇచ్చుట, పుచ్చుకొనువాడు లెక్క చూడకుండ పుచ్చుకొనుట అను రెండును కలిసిననే అది పుట్టును. పుదుచ్చేరిలో నివసించు మన తెలుగు కుటుంబములకు ఈ విషయమును బోధించు ఉదాహరణములలో మొదటిది ఈ పట్టణపు చరిత్రలోనే యుండుట విశేషము.

ప్రాచీనుల దృష్టి

అప్పిచ్చువానిని మన ప్రాచీనులు శత్రువుగా చూడలేదు. సుమతీ శతకకారుడు నివసింపదగిన ఊరి లక్షణములను చెప్పుచు, వైద్యునితోను, ఎడతెగక పారు యేటితోను సమానముగా అప్పిచ్చువానిని లెక్కించెను. ఋణము లేనిదే వ్యవసాయము సాగదు, వర్తకము సాగదు అను సత్యమును గ్రహించినవారు గనుకనే వారు ఋణమును నిషేధింపక, దానికి హద్దులు ఏర్పరచిరి.

కౌటిల్యుని అర్థశాస్త్రము నూరు పణములకు నెలకు ఒకటింపావు పణమును ధర్మమైన వడ్డీగా నిర్ణయించినది. అడవిదారిని పోవు వర్తకులకును, సముద్రముపై పోవు వర్తకులకును అపాయమును బట్టి హెచ్చు వడ్డీని అనుమతించినది. ఇచ్చట గమనింపదగిన అంశము మరియొకటి కలదు. హద్దు మీరి వడ్డీ పుచ్చుకొన్నవానికే గాక, పుచ్చుకొనునట్లు చేసినవానికిని, ఆ వ్యవహారమునకు సాక్షులై వినియున్నవారికిని ఆ శాస్త్రము దండన విధించినది. సాక్షులకు సగము దండన. అనగా చెడ్డ అప్పు అనునది ఇద్దరి మధ్య రహస్యముగా జరుగు వ్యవహారము కాదనియు, దానికి తోడ్పడిన వారందరికిని బాధ్యత కలదనియు ఆనాటి ధర్మవేత్తలు గుర్తించిరి.

మనుస్మృతి మొదలైన ధర్మశాస్త్రములు మరియొక నియమమును చెప్పినవి. ఎంతకాలము గడచినను వడ్డీ అసలును మించరాదు. అసలుతో కలిసి బాకీ రెట్టింపునకు మించి వసూలు చేయరాదు. దీనికే తరువాతి కాలమున దామదుపటు అను పేరు వచ్చినది. ఈ నియమము పైకి ఋణగ్రస్తునిపై దయగా కనబడును. కాని దానిలో ఋణదాతకు ఒక హెచ్చరిక కూడ ఇమిడియున్నది. వడ్డీ పెరుగుచున్నది గదా యని ఊరకుండి, ఋణగ్రస్తుడు మునిగిపోవువరకు వేచియుండుట వలన లాభము లేదు గనుక, అప్పు ఇచ్చునపుడే తీరునా తీరదా యని విచారించుకొనుమని దాని భావము. బ్రిటిషు కాలమున బొంబాయి రాజధానిలోను, కలకత్తా నగరములోను న్యాయస్థానములు హిందువుల అప్పులకు ఈ నియమమును అన్వయించినవి. మన తెలుగు జిల్లాలు చేరియున్న మద్రాసు రాజధానిలో దానికి ఆ ఆదరము లభింపలేదు. పైగా 1855లో వడ్డీ పరిమితి చట్టములన్నియు రద్దు చేయబడుటతో, పత్రములో వ్రాసిన వడ్డీయే న్యాయమైన వడ్డీ యనిపించుకొన్నది.

తంజావూరు పత్రము

ఇక పుదుచ్చేరి చరిత్రకు వత్తము. 1749 ఆగష్టులో ఆంబూరు యుద్ధమున అన్వరుద్దీను మరణించిన పిమ్మట చందాసాహెబు, ముజఫరుజంగు అనువారు పుదుచ్చేరికి వచ్చి, గవర్నరు డూప్లే ఆదరమును పొందిరి. కర్ణాటక సింహాసనము దొరకినట్లే యుండెను గాని, సైన్యమునకు జీతములిచ్చుటకు ధనము లేకుండెను. ఆ ధనము కొరకు వారు ఫ్రెంచివారి తోడ్పాటుతో తంజావూరుపై బడిరి. తంజావూరు రాజు ప్రతాపసింహుడు చతురుడు. పోరాడుటకన్న బేరమాడుట మేలని తలచి, దినములు గడపి, తుదకు 70 లక్షల రూపాయలు ఇచ్చునట్లును, కారైకాలు ప్రాంతమున 81 గ్రామములను ఫ్రెంచివారికి వదలునట్లును ఒడంబడికపై సంతకము చేసెను. అప్పటికే నాసరుజంగు పెద్ద సైన్యముతో దక్షిణమునకు వచ్చుచున్నాడను వార్త ఆయన చెవిని బడియుండెను. సైన్యము రాగానే ముట్టడి తొలగిపోవునని, పత్రముపై వ్రాసిన సొమ్ము చెల్లింపవలసిన యగత్యము తప్పునని ఆయన యెత్తు. అట్లే జరిగినది. కొద్దిపాటి సొమ్ము మాత్రము చేతులు మారినది. పత్రము మిగిలినది.

తరువాత ఆ పత్రము కథ విచిత్రముగా నడచినది. సొమ్ము రావలసిన ఇద్దరిలో ముజఫరుజంగు 1751లో మన రాయచోటి ప్రాంతమున పఠాను నవాబుల తిరుగుబాటులో హతుడయ్యెను. రెండవవాడైన చందాసాహెబు 1752లో తంజావూరు సేనాని మానాజీ చేతికి చిక్కి, అతని శిబిరముననే తల పోగొట్టుకొనెను. బాకీదారుని సేనానియే బాకీ రావలసినవానిని చంపించినాడన్నమాట. కాని వారి పేర వ్రాయబడిన పత్రము చేతులు మారి పుదుచ్చేరి ఫ్రెంచి ప్రభుత్వము వద్ద భద్రముగా నుండెను. దానిపై ఇంకను రావలసిన మొత్తము 56 లక్షలని లెక్క వేసియుంచిరి.

1758 ఏప్రిలులో కౌంటు లాలీ ఫ్రాన్సు నుండి సైన్యముతో వచ్చి పుదుచ్చేరిలో దిగెను. జూన్ నెలలో కడలూరు వద్ద సెయింట్ డేవిడ్ కోటను పట్టుకొనెను. తరువాత మద్రాసుపైకి పోవలెనని ఆయన కోరిక. కాని ఖజానా ఖాళీగా నుండెను. అప్పుడు జెసూటు మతగురువు లావూరు తంజావూరు పత్రమును జ్ఞాపకము చేసెను. చేతిలో 56 లక్షల పత్రముండగా దారిద్ర్యమేమి యని లాలీ భావించి, బండ్లను, ఎద్దులను, ఆహారమును సమకూర్చుకొనకయే కారైకాలు మార్గమున దక్షిణమునకు నడచెను. దారిలో నాగూరును కొల్లగొట్టించెను, ఆలయములలో ధనమును వెదకించెను. ప్రతాపసింహుడు మరల తొమ్మిదేండ్ల నాటి పద్ధతినే అనుసరించి, బేరములతో కాలయాపనము చేసెను. ఫిరంగులకు మందు తరిగినది, సైనికులకు తిండి తరిగినది, సముద్రముపై ఆంగ్ల నౌకాదళము వచ్చి పడినది. ఆగష్టు 10వ తేదీన లాలీ ముట్టడి విడిచి వెనుదిరిగెను. వసూలైన సొమ్ము దండయాత్ర వ్యయమునకైనను చాలలేదు.

అదే సంవత్సరమున ఆయన దక్కను నుండి బుస్సీని పిలిపించుటతో ఉత్తర సర్కారులలో ఫ్రెంచి పలుకుబడి సడలి, 1758 డిసెంబరులో చందుర్తి యుద్ధమును, 1759 ఏప్రిలులో మచిలీపట్టణమును వారు పోగొట్టుకొనిరి. 1760 జనవరిలో వందవాసి పరాజయము, 1761 జనవరి 16న పుదుచ్చేరి పతనము వెంట వెంట వచ్చినవి. కస్తూరి రంగకవిచే ఆనందరంగరాట్ఛందము అను లక్షణ గ్రంథమును అంకితమందిన ఆనందరంగపిళ్ళ ఈ కాలపు సంగతులను తన దినచర్యలో వ్రాసికొనుచు, పట్టణము లొంగిపోవుటకు కొలది దినముల ముందే కన్నుమూసెను. పుదుచ్చేరి పతనమునకు తంజావూరు పత్రమొక్కటియే కారణమనుట అతిశయోక్తి యగును. కాని రాని బాకీని చేతిలోని సొమ్ముగా లెక్క వేసికొనుట ఆ పతనమునకు దారితీసిన తప్పులలో ఒకటి.

ఈ పత్రము నిజమునకు బలవంతపు ఒడంబడికయే గాని మామూలు అప్పు కాదు. అయినను తీరని అప్పునకుండు లక్షణములన్నియు దానిలో కలవు. వ్రాసి యిచ్చినవానికి చెల్లించు శక్తియు లేదు, ఉద్దేశమును లేదు. వ్రాయించుకొన్నవారు వాని శక్తిని విచారింపలేదు. పత్రము పుట్టిన నాటి పరిస్థితులు తెలియనివారి చేతికి అది చేరినది. వారు కాగితముపై అంకెను నమ్మిరి. నాగూరు ప్రజలు, తంజావూరు సీమ రైతులు ఆ పత్రముపై సంతకము చేయలేదు, దాని వలన చిల్లిగవ్వ లాభము పొందలేదు. కాని దాని వలన కలిగిన కష్టము మొదట వారి గుమ్మములనే తట్టినది.

నవాబు అప్పులు, నెల్లూరు రైతులు

ఫ్రెంచివారిపై గెలిచిన పక్షమున నిలిచిన ఆర్కాటు నవాబు మహమ్మదాలీ వాలాజా కథ ఇంతకన్న దీర్ఘమైనది. యుద్ధ వ్యయములకు, చేపాకములో కట్టించిన మందిరమునకు, దర్బారు వైభవమునకు ఆయన అప్పులు చేసెను. అప్పులిచ్చినవారిలో పెక్కురు ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులే. స్వల్ప జీతములు పుచ్చుకొను ఉద్యోగులు లక్షల కొలది వరహాలు నవాబునకు అప్పు ఇచ్చినట్లు పత్రములు చూపిరి. వారిలో పాల్ బెన్ఫీల్డు పేరు ప్రసిద్ధము. జిల్లాల శిస్తును అప్పులవారికి హామీగా వ్రాసి ఇచ్చుట నవాబునకు అలవాటయ్యెను. 1776లో తంజావూరు శిస్తుపై బెన్ఫీల్డు తెచ్చిన క్లెయిము ఒక కారణముగా కలహము పెరిగి, మద్రాసు గవర్నరు లార్డు పిగటునే ఆయన కౌన్సిలు సభ్యులు నిర్బంధములో నుంచిరి. ఆ నిర్బంధములోనే 1777లో ఆయన మరణించెను. 1785 ఫిబ్రవరిలో ఎడ్మండు బర్కు ఈ అప్పులపై బ్రిటిషు పార్లమెంటులో చేసిన ఉపన్యాసము చరిత్ర ప్రసిద్ధమైనది.

1801లో కంపెనీ కర్ణాటకమును స్వాధీనము చేసికొన్న పిమ్మట నవాబు అప్పులను విచారించుటకు కమీషనర్లు నియమింపబడిరి. 1814 నాటికి వారు తీర్పు చెప్పిన క్లెయిముల మొత్తము రెండు కోట్ల పౌనులకు మించినది. అందులో న్యాయమైనవని తేలినది సుమారు 13 లక్షల పౌనులు మాత్రమే. మిగిలినదంతయు త్రోసివేయబడినది. నవాబు రాజ్యములో మన నెల్లూరు, ఒంగోలు ప్రాంతములు కూడ చేరియుండెను. శిస్తు అప్పులవారి చేతిలో నున్న కాలమున, పంట పండినను పండకున్నను రైతు నుండి రాబట్టుటయే వారి పని యయ్యెను. చేపాకములో దీపము వెలిగించుటకు నూనె ఎచ్చటనో పొలములో పనిచేయు రైతు ఇంటి నుండి పోయినది.

ఇచ్చట నవాబు నిర్దోషి యని ఎవ్వరును అనరు. ఆయన పత్రములు వ్రాసి యిచ్చుటలో ఉదారుడు. కాని ఇచ్చినవారు నవాబు ఆదాయమెంతయో తెలియని అమాయకులు కారు. వారు నవాబును చూచి అప్పు ఇవ్వలేదు. కంపెనీ సైన్యము వెనుక నుండి వసూలు చేసి పెట్టునను ధైర్యముతో ఇచ్చిరి. నష్టము తనకు రాదని నమ్మిన ఋణదాత ఎంత అప్పయినను ఇచ్చును అను పాఠము ఈ కథలో స్పష్టముగా కలదు.

1938 నాటి పరిష్కారము

1929 తరువాత ప్రపంచమంతట వచ్చిన ఆర్థిక మాంద్యములో ధాన్యపు ధరలు కూలిపోయినవి. ధర బాగుగా నున్న దినములలో వ్రాసిన అప్పుపత్రములు అట్లే నిలిచినవి. వంద బస్తాలు అమ్మి తీర్చగల బాకీకి ఇప్పుడు దానికి రెట్టింపు బస్తాలైనను చాలని స్థితి వచ్చినది. అప్పు చేసినవాడు దుబారా చేయలేదు, అప్పు ఇచ్చినవాడు మోసము చేయలేదు. అయినను బాకీ తీరదు. అట్టి సమయమున నష్టమును ఎవరు భరింపవలెను?

1937లో ఏర్పడిన రాజాజీ మంత్రివర్గములో టంగుటూరి ప్రకాశము పంతులుగారు రెవిన్యూ మంత్రిగా నుండిరి. ఆ ప్రభుత్వము 1938లో మద్రాసు వ్యవసాయదారుల ఋణ విమోచన చట్టమును తెచ్చినది. 1932 అక్టోబరు 1కి ముందు చేసిన అప్పులపై 1937 అక్టోబరు 1 నాటికి నిలిచియున్న వడ్డీ యంతయు రద్దయినది. అసలుకు రెట్టింపు చెల్లించియున్నచో బాకీ పూర్తిగా తీరినట్లే. 1932 తరువాతి అప్పులపై నూటికి 5 వంతున వడ్డీని తిరిగి లెక్క కట్టవలెను. ధర్మశాస్త్రముల నాటి రెట్టింపు నియమము ఈ విధముగా తెలుగు జిల్లాలకు చట్టరూపమున తిరిగి వచ్చినది.

ఈ చట్టములో నన్ను మిక్కిలి ఆకర్షించిన అంశము ఒక మినహాయింపు. ఇతరమైన ఆస్తి యేమియు లేని స్త్రీకి రావలసిన బాకీ, దాని అసలు 3,000 రూపాయలకు మించనిచో, ఈ చట్టము క్రిందికి రాదు. ఋణదాతలందరును కోటీశ్వరులు కారు. భర్త పోయిన పిమ్మట మిగిలిన నాలుగు రూపాయలను వడ్డీకిచ్చి, దానిపై బ్రతుకు ఈడ్చు వితంతువును ఋణదాతయే. ఋణగ్రస్తుని రక్షించుచు ఆమెను ముంచుట న్యాయము కాదని చట్టకర్తలు గ్రహించిరి. భారమును పంచునపుడు మోయగల భుజమును చూచి పంచవలెను గాని, పేరును చూచి కాదు.

ఇంటి అప్పు

కేంద్ర ప్రభుత్వోద్యోగులమైన మనకు పరిచితమైన గృహనిర్మాణ అడ్వాన్సు పథకము 1956లో ఆరంభమయినది. పుదుచ్చేరి అప్పటికి భారత ప్రభుత్వ పరిపాలన క్రిందికి వచ్చి రెండేండ్లు మాత్రమే యయినది. చట్టరీత్యా విలీనము 1962 ఆగష్టు 16న గాని జరుగలేదు. ఈ అడ్వాన్సు నియమములను మనము సాధారణముగా ఫారములు నింపునపుడు విసుగుతో చదువుదుము. కాని అప్పు చరిత్ర తెలిసిన కంటితో చదివినచో అందులో గొప్ప వివేకము కనబడును.

2017 నాటి సవరణ ప్రకారము అడ్వాన్సు 34 నెలల మూలవేతనమునకును, 25 లక్షల రూపాయలకును, ఇంటి ఖరీదునకును, ఉద్యోగి తీర్చగల శక్తికిని లోబడియుండవలెను. వీనిలో ఏది తక్కువయో అదియే మంజూరగును. ఆ శక్తిని కొలుచుటకు నియమములున్నవి. పదవీ విరమణకు 20 ఏండ్లకు పైగా వ్యవధి యున్న ఉద్యోగి విషయమున నెలవాయిదా మూలవేతనములో నూటికి 40 వంతులకు మించరాదు. వడ్డీ సాధారణ వడ్డీ గాని చక్రవడ్డీ కాదు. మొదట అసలు 180 నెలలలో, పిదప వడ్డీ 60 నెలలలో వసూలగును. ఇల్లు రాష్ట్రపతి పేర తనఖా యగును. అడిగినంత ఇచ్చుట ఇచట ఔదార్యము కాదు. అడిగినవాని జీతము, మిగిలిన సర్వీసు లెక్క చూచి, తీర్చగలిగినంతయే ఇచ్చుట ఔదార్యము. ఆనాడు అడ్వాన్సు తక్కువయినదని గొణిగినవారిలో ఎందరో నేడు ఆ ఇండ్లలోనే నిశ్చింతగా నివసించుచున్నారు.

దేశములో ప్రజలందరకు గృహఋణములిచ్చు వ్యవస్థ 1977లో హెచ్.డి.ఎఫ్.సి. స్థాపనతో విస్తరించినది. 1988లో జాతీయ గృహనిర్మాణ బ్యాంకు ఏర్పడినది. 1990 తరువాత బ్యాంకులు పోటీపడి ఇంటి అప్పులు ఇవ్వసాగినవి. ఇది మేలే. పింఛను నాటికి గాని ఇల్లు కట్టుకొనలేని తరము పోయి, ముప్పదియేండ్లకే ఇల్లు కొనగల తరము వచ్చినది. అయితే పోటీ యున్న చోట లెక్క సడలు ప్రమాదమును కలదు.

ఆ ప్రమాదము ఎంతటిదో 2008లో అమెరికా చూపినది. ఆదాయ నిదర్శనములు లేనివారికిని, మొదటి రెండేండ్లు స్వల్ప వడ్డీ ఆశ చూపి, తరువాత పెరుగునట్లు ఏర్పాటు చేసి, అచటి సంస్థలు సబ్‌ప్రైం అను పేర గృహఋణములిచ్చినవి. ఇచ్చిన సంస్థ ఆ పత్రములను తన వద్ద ఉంచుకొనలేదు. కలిపి కట్టలు కట్టి ఇతరులకు విక్రయించినది. కొన్నవారు ఇండ్లను చూడలేదు, యజమానులను చూడలేదు, కాగితముపై అంకెలను చూచిరి. పుదుచ్చేరి ఖజానాలో నున్న తంజావూరు పత్రము జ్ఞాపకము వచ్చుట లేదా? 2006 తరువాత ఇండ్ల ధరలు పడినవి, వాయిదాలు ఆగినవి. 2008 సెప్టెంబరు 15న లేమన్ బ్రదర్సు సంస్థ దివాలా తీసినది. లక్షలాది కుటుంబములు ఇండ్లు విడిచినవి. అప్పు చేసినవారిలో ఆదాయమును పెంచి చెప్పినవారును, ధర పెరిగినపుడు అమ్ముకొందమని రెండు మూడు ఇండ్లు కొన్నవారును లేకపోలేదు. అయినను 2010లో ఆ దేశము చేసిన చట్టము, అప్పు తీర్చు శక్తి ఋణగ్రహీతకు కలదా యని విచారించు బాధ్యతను ఋణదాతపై ఉంచినది.

మన రిజర్వు బ్యాంకు ఈ విషయమున కొంత ముందుచూపు చూపినదని చెప్పవచ్చును. మొదటి యేండ్లలో వడ్డీ తగ్గించి తరువాత పెంచు అప్పులు మన బ్యాంకులలోను 2009 ప్రాంతమున తలయెత్తగా, 2010లో అట్టి అప్పులకు హెచ్చు నిధిని ప్రక్కన పెట్టవలెనని శాసించినది. ఇంటి విలువలో ఇంత భాగమునకు మించి అప్పు ఇవ్వరాదని హద్దు పెట్టినది.

ఆంధ్రదేశపు అనుభవము

మన తెలుగు నాట ఇదే పాఠము గృహఋణముల వలన గాక, పేద స్త్రీలకిచ్చిన సూక్ష్మఋణముల వలన వచ్చినది. 2006లో కృష్ణా జిల్లాలో అధికారులు సూక్ష్మఋణ సంస్థల శాఖలు సుమారు 50 మూయించిరి. హెచ్చరిక చాలలేదు. ఒక సంస్థ అప్పు తీర్చుటకు రెండవ సంస్థ, దానిని తీర్చుటకు మూడవ సంస్థ అప్పు ఇచ్చుచు పోయినవి. 2010లో అట్టి పెద్ద సంస్థ యొకటి స్టాకు మార్కెటులో వాటాలు అమ్మిన కొలది నెలలకే, వసూళ్ళ ఒత్తిడి వలన ఆత్మహత్యలు జరిగినవను వార్తలతో రాష్ట్రము అట్టుడికినది. అక్టోబరు 15న ప్రభుత్వము ఆర్డినెన్సు జారీచేసినది. వడ్డీ అసలును మించరాదను నియమము అందులోను కలదు. అనాదిగా వచ్చిన దామదుపటు మరల తలయెత్తినది.

దాని ఫలితముగా వసూళ్ళు ఒక్కుమ్మడిగా పడిపోయినవి. తీర్చగలిగినవారును తీర్చుట మానిరి. సంస్థలు నష్టపోయినవి, తరువాత నిజముగా అవసరమున్న పేదలకు అప్పు దొరకుట కష్టమయినది. 2011 జనవరిలో నివేదిక ఇచ్చిన మాలెగాం సంఘము, ఒకే స్త్రీకి అనేక సంస్థలు అప్పు లిచ్చుటను, మితిమీరిన ఋణమును ముఖ్యదోషములుగా గుర్తించి, ఇద్దరికి మించిన సంస్థలు ఒక వ్యక్తికి అప్పు ఇవ్వరాదని సూచించినది. 2022 నుండి అమలులోనున్న రిజర్వు బ్యాంకు నియమము ప్రకారము, ఏటికి 3 లక్షల ఆదాయమునకు లోబడిన కుటుంబమునకు సూక్ష్మఋణ మిచ్చునపుడు, ఆ కుటుంబపు అప్పులన్నింటి వాయిదాలు కలిపి నెల ఆదాయములో సగమునకు మించకుండ చూచుట ఋణదాత విధి. బాధ్యతను ఒక ప్రక్కనే పెట్టినచో ఏమగునో 2010కి ముందును తరువాతను మన రాష్ట్రమే చూపినది. ముందు భారమంతయు ఋణగ్రస్తురాలిపై పడినది. తరువాత భారమంతయు ఋణదాతపై పడినది. రెండు విధములను నష్టపడినది పేద కుటుంబమే.

మన లెక్క

ఉద్యోగి కుటుంబములకు ఈ విషయము దూరమైనది కాదు. ఉదాహరణకు ఒక ఉద్యోగి 20 ఏండ్ల గడువుపై, నూటికి 7 వంతున, 25 లక్షల అప్పు తీసికొన్నాడనుకొందము. నెలవాయిదా సుమారు 19,380 రూపాయలగును. వడ్డీ తొలి దినములలోనే తొమ్మిదిన్నరకు పెరిగినదనుకొందము. ఆ నెల వడ్డీయే సుమారు 19,790 రూపాయలు. పాత వాయిదానే కట్టుచున్నచో అసలు తరుగదు సరిగదా, నెలనెలకు పెరుగును. ఇది ఊహ కాదు. 2022 మే మొదలు 2023 ఫిబ్రవరి వరకు రిజర్వు బ్యాంకు రెపో రేటు 4 నుండి ఆరున్నరకు పెరిగినది. 2019 అక్టోబరు నుండి బ్యాంకులు మార్పు చెందు వడ్డీ గల గృహఋణములను బయటి ప్రమాణములతో ముడిపెట్టవలసియున్నందున, ఆ పెరుగుదల చాలమంది అప్పులకు వెంటనే సోకినది. పెక్కు కుటుంబములకు వాయిదా పెరుగలేదు గాని గడువు పెరిగినది. పదవీ విరమణ దాటి వాయిదాలు నిలిచినవని తెలియనివారును కలరు. 2023 ఆగష్టులో రిజర్వు బ్యాంకు ఈ విషయమై ఉత్తరువులిచ్చినది. అప్పు మంజూరు చేయునపుడే వడ్డీ పెరిగినను తీర్చగలడా యని చూడవలెననియు, రేటు మారునపుడు వాయిదా పెంచుకొనుటయా, గడువు పెంచుకొనుటయా, స్థిరమైన వడ్డీకి మారుటయా యని ఋణగ్రహీతకు ఎంచుకొను అవకాశమియ్యవలెననియు అందు కలదు.

ఋణదాత బాధ్యత ఈ విధముగా కాగితముపైకి వచ్చినది. కాని అప్పు చెడినపుడు త్రాసు ఇంకను సరిసమానముగా లేదు. వాయిదా 90 దినములు మీరినచో అది మొండి బాకీ యగును. 2002 నాటి సర్ఫేసీ చట్టము క్రింద 60 దినముల నోటీసు ఇచ్చి, న్యాయస్థానపు తీర్పు లేకయే బ్యాంకు ఇంటిని స్వాధీనము చేసికొని వేలము వేయవచ్చును. వేలములో వచ్చిన సొమ్ము చాలనిచో మిగిలిన బాకీకి ఋణగ్రస్తుని వెంటాడవచ్చును. అమెరికాలో కాలిఫోర్నియా వంటి కొన్ని రాష్ట్రములలో నివాసగృహము కొనుటకు చేసిన అప్పు విషయమున ఇల్లు అప్పగించినచో మిగిలిన బాకీ అడుగుటకు వీలులేదు. అచట ఇంటి విలువను హెచ్చుగా కట్టి అప్పు ఇచ్చిన సంస్థ తన తప్పునకు తాను నష్టపడును. మన చట్టములో ఆ పంపకము ఇంకను రాలేదు. ఇంటి విలువను కట్టించినదియు, జీతపు పత్రములను పరిశీలించి ఇంత ఇవ్వవచ్చునని నిర్ణయించినదియు ఋణదాతయే గనుక, ఆ నిర్ణయము తప్పినపుడు నష్టములో కొంత తానును భరించుట న్యాయమని నా అభిప్రాయము.

అట్టి న్యాయము వచ్చువరకు మన వంతు లెక్కను మనము చూచుకొనక తప్పదు. బ్యాంకు ఇచ్చెదనన్నంత మొత్తము మన శక్తికి కొలత కాదు. మన శక్తికి కొలత ఇంటి ఇల్లాలికి తెలియును. బియ్యము, పిల్లల చదువు, తల్లిదండ్రుల మందులు, స్వగ్రామమునకు రాకపోకలు పోగా మిగిలినదెంతయో ఆమె నోటిలెక్కగా చెప్పగలదు. అప్పుపత్రముపై భర్తతోబాటు ఆమెయు సంతకము చేయుట నేడు సాధారణము. సంతకమునకు ముందు ఆమె లెక్కను అడుగుట అంత సాధారణము కావలెను. వడ్డీ మరి రెండు మూడు వంతులు పెరిగినను వాయిదా కట్టగలమా, గడువు పదవీ విరమణ లోపల ముగియునా, ఒకరి జీతము ఆరు నెలలు ఆగినను నిలువగలమా అని మూడు ప్రశ్నలు వేసికొని, వానికి సమాధానము దొరకిన పిదపనే ఇంటికి ముగ్గు పోయవలెను. రేటు మారినట్లు బ్యాంకు నుండి వచ్చు ఉత్తరమును తెరువక అటకపై పారవేయరాదు.

తంజావూరు రాజు తీర్చనని తెలిసియు సంతకము చేసెను. లాలీ తీరునో తీరదో విచారింపకయే వసూలునకు బయలుదేరెను. ఇద్దరిలో ఏ యొక్కడు లెక్క చూచుకొన్నను, నాగూరు ఇండ్లు కొల్లబోయెడివి కావు. మన ఇండ్లు నిలువవలెనన్నచో ఇచ్చువాడును పుచ్చుకొనువాడును సంతకమునకు ముందే కూర్చుండి ఒకే లెక్కను చూడవలెను.